బొమ్మ వచ్చింది, మాట రాలేదు

బమ్రోలి, సూరత్
గురువారం, పిల్ల క్లాసు అయిపోయాక

చిరంజీవి తమ్ముడు రాజేశానికి,

అక్క సరోజన దీవెనలు. ఇక్కడ మేమంతా బాగున్నాం, మీరూ బాగున్నారని తలుస్తాను. మరదలి మోకాలు ఎట్లా ఉంది? నీ దగ్గు తగ్గిందని ఫోన్‌లో చెప్పావు గానీ, ఆ ముక్క చెప్పేలోపే మూడుసార్లు దగ్గావు. కషాయం తాగు.

లాక్‌డౌన్ తీశాక మగ్గాల కార్ఖానా మళ్లీ తెరిచారు. మా అబ్బాయి శ్రీనివాస్ మూతికి గుడ్డ కట్టుకుని డ్యూటీకి పోతున్నాడు, భయపడకు. వానలు వెలిశాయి, ఉక్కపోత మిగిలింది. పై ఇంటి గుజరాతీ ఆమె ఇంకా పప్పులో బెల్లం వేసే పంపుతోంది. నేను కారం కలుపుకుని తిని, గిన్నె కడిగి, చాలా బాగుందని చెబుతున్నాను. మనవరాలు శ్రావ్య ఎనిమిదో తరగతి టాబ్లెట్‌లో చదువుతోంది. ముప్పై ఏళ్లు పాఠం చెప్పినదాన్ని గదా, వెనక మంచం మీద కూర్చుని నేనూ వింటాను. 'వినిపిస్తోందా' అని అడగడంతోనే ఆ టీచరుకు సగం పీరియడు అయిపోతుంది.

ఇక అసలు సంగతి. మనూరి మల్లేశం ఇక్కడి పనికి తిరిగొస్తూ నువ్విచ్చిన మెమరీ కార్డు తెచ్చాడు. పెద్దక్క దినాల వీడియో. బండ్లు బందై నేను రాలేకపోయిన పదో రోజుది. ఆ రోజు నేను ఫోన్ చేసి అడిగింది ఒకటే, పిట్ట ముట్టిందా అని. పోయిన మనిషికి తీరని కోరిక ఉంటే కాకి ముద్ద ముట్టదంటారు. నేను నమ్మను. అయినా అడిగాను. "పెట్టంగనే ముట్టింది అక్కా" అన్నావు. నువ్వు అంత గబుక్కున జవాబు చెబితే నాకు చిన్నప్పటి నుంచీ అనుమానమే.

కార్డు టాబ్లెట్‌లో పెడితే మూడు ఫైళ్లున్నాయి. ఒకటి ఆడింది, వంటల దగ్గరిది. ఒకటి తెరుచుకోనే లేదు.

"బాపమ్మా, యే నహీ చలేగా. దీని ఫార్మాట్ వేరే ఉంది."

"మనూరోడే తీసిండు గదనే, ఎందుకు నడువది?"

ఫైలు పేరు చివర చుక్క పెట్టి మూడక్షరాలు ఉంటాయట. టాబ్లెట్ ముందు అది అడిగి, తనకు నచ్చితేనే లోపలికి రానిస్తుంది. ఇంత కొత్త వస్తువుకు ఇంత పాత బుద్ధి ఎవరు నేర్పారో.

మూడోది వాగు ఒడ్డుది. బొమ్మ వచ్చింది, మాట రాలేదు. విస్తరిలో ముద్ద పెట్టి మీరంతా వెనక్కి జరిగారు. తుమ్మ చెట్టు మీద కాకులున్నాయి, ఒక్కటీ దిగలేదు. నీ కాళ్ల దగ్గరున్న నీడ విస్తరి దాకా పాకింది. పెట్టంగనే ముట్టడమంటే ఇదా? తర్వాత నువ్వు ముందుకొచ్చి, చేతులు జోడించి, చెట్టు వైపు చూస్తూ ఏదో చెప్పావు. అప్పుడు ఒకటి దిగింది.

ఏం చెప్పావు? నాలుగుసార్లు చూశాను, పెదవుల కదలిక అందలేదు. "ఫైల్‌లో మాట ఉంది బాపమ్మా, మన టాబ్లెట్‌కే చదవరాదు" అంది శ్రావ్య. అన్ని రకాలూ ఆడించే ప్లేయర్ ఒకటి దించుదామంటే ఆ రోజు నెట్టు క్లాసులకే అయిపోయింది. మర్నాడు దించింది. మాట వచ్చింది.

"పెద్దక్కా, సరోజనక్క రాలేదని అలిగినవా? బండ్లు బందున్నయి, ఆమె తప్పు గాదు. నీ చిలకపచ్చ చీర అక్క తెస్తది, నా జిమ్మ, నేను తెప్పిస్త. జర ముట్టు."

కిందటేడు పెద్దక్క ఫోన్ చేసి, సూరత్‌లో చిలకపచ్చ చీర దొరుకుతుందా అని అడిగింది. "బావ పోయినంక చిలకపచ్చ ఏందక్కా, నలుగురు నవ్వరా?" అన్నాను. బూడిదరంగుది పంపాను. 'సరే తియ్' అని ఫోన్ పెట్టేసింది. ఆ మాట మా ఇద్దరి మధ్యే ఉందనుకున్నాను. నీకు చెప్పుకుందన్నమాట. కాకి ఆకలికీ చీర రంగుకూ సంబంధం లేదు తమ్ముడూ. ఆమె మనసు కష్టపడటానికీ నా నోటికీ ఉంది.

నా పేరు మీద మాట ఇచ్చేముందు నన్ను అడగాల్సింది. అడిగితే అప్పుడు కూడా ఏదో ఒకటి అనేదాన్ని. అడగకపోవడమే మంచిదైంది.

నిన్న శ్రావ్యను వెంటబెట్టుకుని బజారుకు పోయాను. "కిస్‌కే లియే, మాజీ?" అని, ఎవరికోసమో అడిగాడు దుకాణం ఆయన.

"దీదీ కే లియే."

"ఉమర్?"

"అఠ్హత్తర్." పెద్దక్క వయసు, డెబ్బై ఎనిమిది.

చిలకపచ్చ అని నోరు తెరిచేలోపే బూడిదరంగువి నాలుగు పరిచాడు. అందులో ఒకటి అచ్చం నేను పంపినదే. "యే సబ్ హటావో, హరా నికాలో" అన్నాను, ఇవన్నీ తీసేసి పచ్చది చూపించమని. నా గొంతుకు శ్రావ్య జడిసింది, పాపం అతనిదేం తప్పు.

మల్లేశం పండక్కి మళ్లీ ఊరికొస్తున్నాడు, చీర అతని చేత పంపుతున్నాను. పెద్దక్క ఫోటో ముందు ఒక పూట పెట్టు. తర్వాత ఆమెతో కలిసి బీడీలు చుట్టిన రాజవ్వకు ఇవ్వు. మగడు పోయినదాన్ని, నాకెందుకంటుంది. సరోజన టీచర్ కట్టుకోమన్నదని చెప్పు. ఎవరైనా నవ్వితే నాకు ఫోన్ కలిపి ఇవ్వు, మిగతాది నేను చూసుకుంటాను.

వచ్చేటప్పుడు మల్లేశం చేత మనూరి చింతపండు పంపు. పెద్దమామకూ అత్తకూ నా దండాలు, వాళ్ల దీవెన నాకింకా కావాలని చెప్పు. పిల్లలకు ముద్దులు. మేం బాగున్నాం, మళ్లీ చెబుతున్నాను.

రాజవ్వ చీర కట్టుకున్న రోజు వీడియో తీయించు. మా టాబ్లెట్‌కు నచ్చే ఎంపీ4లోనే తియ్యమను. ఆమె ఏమంటుందో నాకు వినిపించాలి.

ఇట్లు,
నోరు కాస్త అదుపులో పెట్టుకోవాలనుకుంటున్న నీ అక్క,
సరోజన