నాన్న పేరు పండుగ క్రేమా

విక్,
మార్చి 20

తమ్ముడు క్విమ్‌కి,

నువ్వూ, మరదలు నెయుసూ చల్లగా ఉండాలని కోరుకుంటూ మీ అక్క రెమెయి రాసేది. మేమిక్కడ కులాసాగా లేం.

నిన్న నువ్వు ఆసుపత్రికి ఫోన్ చేసి నాన్నని నోటికొచ్చినట్టు తిట్టావట. డెబ్భై ఆరేళ్లొచ్చినా నాలుక కట్టుకోలేవా, కాలు పోతే ఎవడు మోస్తాడు అన్నావట. అసుంప్తా అత్త కూడా తక్కువేం అనలేదు. తోడబుట్టినవాడని చూడకుండా, తిండికి చచ్చేవాడివి అని నర్సుల ముందే కడిగేసింది. అందుకే జరిగింది మొదట్నుంచీ రాస్తున్నాను.

ఆయన కుడికాలి బొటనవేలు నల్లబడింది కదా. రక్తనాళం తెరిచే ఆపరేషన్ ఇవాళ పెట్టారు. నిన్న సాయంత్రం ఐదింటికి చేర్చుకుంటామని, అప్పటికి షుగరు రెండొందలు దాటకూడదని, దాటితే వారం ఆగాలని, ఆగితే నలుపు పాదమంతా పాకొచ్చని డాక్టరమ్మ ముందే మరీ మరీ చెప్పింది. నిన్నేమో సంత్ జుజెప్ పండుగ, నాన్న పేరున్న పునీతుడి రోజు. ఊరంతా పైన చక్కెర కాల్చిన పాల క్రేమా చేసుకునే రోజు. నలభై ఏళ్లు మిఠాయి కొట్టు నడిపిన మనిషి ముందు ఖాళీ గిన్నె ఎలా పెట్టను?

వారం ముందే ఆయన ఒంటికి పడే క్రేమా మొదలుపెట్టాను. వెన్న తీసిన పాలు, ఆరు పచ్చసొనలకి బదులు రెండు, చక్కెర బదులు షుగరువాళ్ల తీపిపొడి. మొదటిసారి గిన్నె కడిగిన నీళ్లలా వచ్చింది. మొక్కజొన్న పిండి పెంచి, నిమ్మతొక్క, దాల్చినచెక్క ఎక్కువేస్తే కాస్త చిక్కబడింది. అసలు తంటా పైపొర దగ్గర. కాల్చిన ఇనుప బిళ్ల పెడితే ఆ పొడి ఎర్రబడి గట్టిపడాలిగా, కరిగి నీళ్లలా నిలిచింది. నాన్న చెవితో తినే మనిషని నీకు తెలుసు. చెంచా తగిలితే పొర టప్పుమనకపోతే గిన్నె వెనక్కి నెట్టేస్తాడు. చివరికి అర చెంచాడు నిజం చక్కెర టీ జల్లెడలోంచి రాల్చి కాలిస్తే ఉల్లిపొరంత పొర కట్టింది, టప్పుమంది. అంత మాత్రానికి ఫర్వాలేదని, ఫోన్ చేసి అడిగితే నర్సు కూడా అంది.

నిన్న మధ్యాహ్నం ఇంట్లో భోజనాల దగ్గర ఆయన అదే తిన్నాడు. అత్తకీ నాకూ మామూలు క్రేమా విడిగా చేసి ఫ్రిజ్‌లో పెట్టాను. సాయంత్రం ఆసుపత్రిలో చూస్తే షుగరు మూడొందల నలభై. ఆపరేషన్ ఆగిపోయింది. మీరు కునుకు తీస్తుంటే ఫ్రిజ్‌లోంచి రెండు గిన్నెలు లాగించేశానని నాన్నే ఒప్పుకున్నాడు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇంకేం అనకురా. వీలైతే ఆదివారం రా.

మీ అక్క,
రెమెయి

తా.క.: కవరు అంటించి మళ్లీ చింపాను. పైన అబద్ధం రాశాను. నాన్న ఫ్రిజ్ ముట్టుకోలేదు. బుధవారం నా పలచటి క్రేమా రుచి చూపిస్తే, బాగానే ఉందమ్మా అన్నాడు. మన చేతి వంటకి ఏనాడైనా వంక పెట్టకుండా ఉన్నాడా? ఆ మర్యాద నేను తట్టుకోలేకపోయాను. ఒక్కపూటకి ఏమవుతుందిలే అని నిన్న ఆయన గిన్నెలో మా క్రేమానే పోశాను. మొదటి చెంచాకే పోల్చుకున్నాడు. నా మొహంలోకి చూశాడు, గిన్నె ఖాళీ చేశాడు, ఇంకోటి అడిగాడు. పెట్టాను. డాక్టరమ్మ నిలదీసినప్పుడు నేను నోరు తెరిచేలోపే నేరం తన మీదేసుకున్నాడు.

ఇవాళ పొద్దున కట్టు విప్పితే నలుపు రెండో వేలికి పాకింది. డాక్టరమ్మకి నిజం చెప్పేస్తానని లేచాను. నాన్న నా చెయ్యి పట్టి కూర్చోబెట్టి, నోరు మూసుకో, ఇన్నేళ్లలో నీకు క్రేమా కుదిరింది నిన్న ఒక్కరోజే, దాన్ని పాడుచెయ్యకు అన్నాడు.