కడ్డీకి నడుము కొలత

అమ్మడికి తాతయ్య ముద్దులు.

ఇక్కడ అందరం క్షేమం, మీ అమ్మమ్మకీ నాకూ మధ్య తప్ప. ఆవిడ నా కారెక్కనని భీష్మించుకు కూర్చుంది. "మలుపు వచ్చిందంటే నా ప్రాణం కిటికీలోంచి బయటికెళ్ళి మళ్ళీ లోపలికొస్తోంది" అంటుంది. చెల్లెలింటికి కూడా బస్సులోనే పోతోంది. పక్క సీటు ఖాళీగా ఉంటే నాకు కారు నడపబుద్ధి కావడం లేదే తల్లీ.

మన కారు చిన్నదే గానీ మలుపులో ఒక పక్కకి ఒరుగుతుంది. నువ్వు కార్ల ఫ్యాక్టరీలో ఇంజనీరువి. ఉపాయం చెప్పు. ఫోనులో అడుగుదామంటే ఆవిడవి పాముచెవులు.

నీ తాతయ్య

తా.క.: దర్జీగా రిటైరైనా టేపు ఇంకా మెడలోనే ఉంది. ఏం కొలవాలన్నా చెప్పు.

*

తాతయ్యకు అమ్మడి దండాలు.

దిగులు పడకు. కారు కింద ఎడమ చక్రాన్నీ కుడి చక్రాన్నీ కలుపుతూ అడ్డంగా ఒక కడ్డీ ఉంటుంది. దాన్ని స్వే బార్ అంటారు. కారు ఒరగబోతే అది మెలితిరిగి ఆపుతుంది. కాస్త లావుది వేస్తే ఒరగడం తగ్గుతుంది. అలాగని మరీ లావుది వద్దు. ముందు వైపు బిగువు ఎక్కువైతే స్టీరింగు తిప్పినా కారు మొండిగా తిన్నగానే పోతుంది. గతుకుల్లో నడుములు విరుగుతాయి.

ఇప్పుడున్నది ఎంత లావో కొలిచి రాయి.

నీ అమ్మడు

తా.క.: అమ్మమ్మని బతిమాలుకో. దానికి కడ్డీ అక్కర్లేదు.

*

అమ్మడికి ఆశీస్సులు.

మెకానిక్ కారు పైకెత్తాడు, నేను కింద దూరి కొలిచాను. యాభై ఏడు మిల్లీమీటర్లు. రెండుసార్లు చూశాను. కొలతలో నన్ను వేలెత్తి చూపినవాడు ఇంతవరకు లేడు.

తాతయ్య

తా.క.: బతిమాలాను. "ముందు ఆ మలుపుల సంగతి చూడండి" అంది.

*

తాతయ్యా!

యాభై ఏడా? అది లారీకి వేసేదయ్యా! నీకెవరో అంటగట్టారు. అమ్మమ్మ ప్రాణం బయటికెళ్ళిందంటే వెళ్ళదూ మరి! వెంటనే తీయించెయ్. మన కారుకి మామూలుగా ఉండేది పద్దెనిమిది.

కంగారుతో, అమ్మడు

తా.క.: ఆ మెకానిక్ దగ్గరికి మళ్ళీ వెళ్ళకు.

*

అమ్మడికి, కొంచెం కోపంగా.

తీయించాను. మెకానిక్ "వద్దు పెద్దాయనా" అని మొత్తుకున్నాడు. "నా మనవరాలి కన్నా నీకెక్కువ తెలుసా?" అని నోరు మూయించాను. పద్దెనిమిదిది మాత్రం ఇనుపకొట్టులోనే దొరికింది. నా టేపుతోనే కొలిచి తీసుకున్నాను, కిటికీ కర్టెన్ వేలాడదీసుకునేంత సన్నగా ఉంది. అది వేస్తే గరాజు మూసుకుంటానన్నాడు మెకానిక్. ఏ కడ్డీ లేకుండానే ఇంటికొచ్చాను. వీధి మలుపులో నేనూ కారూ కలిసి పక్కింటి గోడకి వంగి నమస్కారం పెట్టాం.

తాతయ్య

తా.క.: అమ్మమ్మ అరుగు మీంచి అంతా చూసి, బస్సు పాసు తీసుకుంది.

*

బంగారు తాతయ్యా,

నీ ఉత్తరం చదివి నవ్వీ నవ్వీ కడుపు నొప్పెట్టింది. నువ్వు కడ్డీ చుట్టూ టేపు తిప్పావు కదూ, నడుము కొలిచినట్టు? మేం చుట్టుకొలత చూడం. అడ్డంగా ఈ అంచు నుంచి ఆ అంచుకి ఎంతో చూస్తాం. చుట్టూ యాభై ఏడంటే అడ్డంగా పద్దెనిమిదే! నీ కడ్డీ బంగారం లాంటిది. ఎలా కొలిచావో అడక్కుండానే తీయించిన నాదే తప్పు.

ఇప్పుడు ఇరవైది వేయించు. రెండు మిల్లీమీటర్లేనా అనుకోకు, బిగువు ఒకటిన్నర రెట్లవుతుంది.

అమ్మడు

తా.క.: మెకానిక్‌కి నా తరఫున కూడా క్షమాపణ చెప్పు.

*

అమ్మడూ, ఈసారి రాస్తున్నది అమ్మమ్మని.

కొత్త కడ్డీ వేయించుకొచ్చి, గుమ్మం ముందు కారు తలుపు తీసి పట్టుకుని నిలబడ్డారు మీ తాతయ్య. ఆ మొహం చూసి కాదనలేక ఎక్కాను. నువ్వు గట్టిదానివే, మలుపులో నా ఒళ్ళోని సంచి కూడా కదల్లేదు. అయినా నా ప్రాణం బయటికే పోయింది. ఎందుకంటావా? ఫుట్‌పాత్ మీద ఎవరో పోతుంటే ఈయన మెడ తిప్పేసి, "అయ్యో, చంక దగ్గర చొక్కా ఎలా పట్టేసిందో చూడవే!" అన్నారు. ఎదురుగా బస్సు! కారుకి కడ్డీ వేశావు సరే, ఆయన మెడకి ఏం వేస్తావు తల్లీ?

కారు ఒరుగుతోందని నేనెప్పుడన్నాను? మలుపుల్లో భయమన్నాను. ఎందుకని ఆయన అడగలేదు, వెళ్ళి కొలిచారు.

ఇంకో కబురు. మా చెల్లెలి వీధిలో డ్రైవింగ్ స్కూలుంది. ఆ బస్సు ప్రయాణాలన్నీ అందుకే. నిన్న లైసెన్సు చేతికొచ్చింది. ఇవాళ నేను నడిపాను. ఈయన పక్క సీట్లో కూర్చుని దారిపొడుగునా కనిపించిన చొక్కానల్లా తనివితీరా తిట్టారు. నాకెంత హాయిగా ఉందో చెప్పలేను.

మీ అమ్మమ్మ

తా.క.: (ఇది తాతయ్య రాస్తున్నది.) మీ అమ్మమ్మ మలుపుల్లో బ్రేకు తొక్కదు. ఇంకో రెండు మిల్లీమీటర్లు పెంచమంటావా?