జాడీలో పోసిన నీ వైన్

చినాన్,
4 మే 1983

చిరంజీవి క్లోతిల్డ్‌ను మీ నాన్న ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ నేనూ నా మోకాళ్లూ కులాసా. అక్కడ నువ్వూ, ద్రాక్షతోటా, మన ముసలి కుక్కా క్షేమమని తలుస్తాను.

నీ ఉత్తరం నిన్న అందింది. పడక మెత్తగా ఉందా అని అడిగావు. మెత్తదనం ఎక్కువై నడుం పట్టేసింది. తిండికి మాత్రం లోటు లేదు. ఈ ఇంటావిడ ఒడెట్ గారు నాలుగు గదులు అతిథులకిచ్చి, పొద్దున రొట్టె, కాఫీ, సాయంత్రం అందరికీ ఒకే బల్ల మీద భోజనం పెడుతుంది. మాట కటువు, చెయ్యి ధారాళం. బెల్జియం నుంచి వచ్చిన దంపతులతో కలిసి రోజుకు మూడు వైన్ నేలమాళిగలు చూస్తున్నాను. నలభై ఏళ్లు తోట వదలనివాడివి, నాలుగు ఊళ్లు తిరిగిరా అని నువ్వే కదా తోసి పంపావు. ఇక్కడి రైతులు తమ సరుకును గంటల తరబడి పొగుడుకుంటారు, నేను తల ఊపుతాను.

మన వైన్ అందరికీ నచ్చిందా అని కూడా అడిగావు. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు రాయలేక నిన్నంతా కలం పట్టుకు కూర్చున్నాను.

మొన్న భోజనాల దగ్గర నువ్విచ్చిన సీసాల్లో రెండు తెచ్చి బల్ల మీద పెట్టాను. మా అమ్మాయి ఒంటిచేత్తో తీసిన మొదటి పంట అని చాటుకుంటూ ఒకటి తెరిచి అందరికీ నేనే పోశాను. బెల్జియం ఆవిడ ఒక గుక్క తాగి రొట్టె అందుకుంది. ఆమె మొగుడు "ఇవాళ ఎండ ఎక్కువగా ఉంది కదూ" అన్నాడు. వీళ్లకేం తెలుసులే వైన్ సంగతి అనుకుని నా గ్లాసు ఖాళీ చేశాను.

తర్వాత పళ్లేలు పట్టుకుని వంటింట్లోకి వెళితే, ఒడెట్ గారు గ్లాసుల్లో మిగిలిందంతా గట్టు మీది వినెగర్ జాడీలో ఒంపుతోంది. తాగగా మిగిలింది పులిసి వినెగర్ అయ్యేందుకు జాడీలో పోయడం మన ఇళ్లలోనూ ఉన్నదే. కానీ ఆవిడ రెండో సీసా బిరడా కూడా పీకి, ఆసాంతం ఒంపేసింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"అదేం పనండీ! ముట్టని సీసా అది!"

"మరేం చెయ్యను? సగం దారి అదే నడిచొచ్చింది, మిగతా సగం నేను నడిపిస్తున్నా."

"మీ ఊరి వైన్ తాగీ తాగీ మీ నాలుక మొద్దుబారింది."

ఆవిడ ఒక గ్లాసు నా ముక్కు కింద పెట్టింది. ఏ వాసనా తెలియలేదు. జాడీ మూత తీసి, వంగి వాసన చూడమంది. గుమ్మంలో నిలబడ్డ బెల్జియం ఆయన అక్కడినుంచే ముక్కు మూసుకున్నాడు. నాకు మాత్రం మంచినీళ్ల కుండ మీద వంగినట్టుంది, తల్లీ.

ఒడెట్ గారు గొంతు తగ్గించింది. "ఎన్నాళ్ల నుంచండీ?"

రెండేళ్ల నుంచి. నిచ్చెన మీంచి పడి తలకు దెబ్బ తగిలిన రోజు నుంచి. ఆసుపత్రి నుంచి వచ్చాక నువ్విచ్చిన కాఫీ వేడినీళ్లలా ఉంది. నీకు చెప్పలేదు. మన పనిలో ముక్కు పోయినవాణ్ణి ఎవరు లెక్కచేస్తారు? ఆ శీతాకాలమే మాళిగ తాళాలు నీ చేతిలో పెట్టాను. నీ మీద నమ్మకంతో ఇచ్చానని నువ్వు కళ్లనీళ్లు పెట్టుకున్నావు, ఊరు మెచ్చుకుంది. అబద్ధం. నాకు చేతకాక ఇచ్చాను. ఇచ్చి ఊరుకున్నానా? పెద్దరికం వదల్లేక ప్రతి పీపా దగ్గరా గ్లాసు తిప్పుతూ తీర్పులు చెప్పాను.

ఫిబ్రవరిలో నువ్వు "నాన్నా, ఈ మొదటి పీపాలో ఏదో ఘాటు తగులుతోంది" అన్నావు. నీ ముక్కు ఇంకా పచ్చిది అని కసిరాను. పక్క తోట ఫుల్జాన్స్ వచ్చి, "ఒరే అన్సెల్మ్, పిల్ల చెప్పింది నిజంరా. ఇది చెడిపోతోంది, సీసాల్లో పట్టకండి" అన్నాడు. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. "నీ కుళ్లు నీ మాళిగలో పెట్టుకో" అని తరిమేశాను. నాలుకకు తగిలిన పులుపు కొత్త వైన్ పులుపేననుకున్నాను. నీ పేరు అచ్చేయించి ఆ పీపా మొత్తం సీసాల్లో పట్టించింది నేనే.

పీపాలు అందరికీ పాడవుతాయి, దానికి నేను ఏడవను. చక్కగా పనిచేసే నీ ముక్కును నువ్వే నమ్మకుండా చేశాను. అది తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

మిగతా రెండు పీపాలు వచ్చే సోమవారం సీసాల్లో పట్టాలా, నీ మాట కోసం ఆగుతున్నానని రాశావు. నా మాట కోసం ఆగకు. ముందు నువ్వు వాసన చూసి, నీకు అనిపించింది కాగితం మీద రాసుకో. ఆ తర్వాత ఫుల్జాన్స్‌ను పిలువు. నేను తరిమినవాడి గడప నువ్వు తొక్కాల్సి వస్తోంది, నన్ను తిట్టుకో. నేనే పంపానని చెప్పు. ఎందుకు పంపానో కూడా చెప్పు. నవ్వుతాడు. రెండు రోజుల్లో ఊరంతా నవ్వుతుంది. నవ్వనీ. నువ్వు మాత్రం నన్ను వెనకేసుకు రాకు.

ఇట్లు,
నీ తండ్రి
అన్సెల్మ్