కట్ లేని బంతి

జూన్ 4, ఉదయం

వేసవి క్యాంపు అయిపోయింది. పీడ విరగడైంది. హాల్లో మళ్ళీ మనిషి తిరగడానికి చోటు దొరికింది. టేబుల్ టెన్నిస్‌లో చేరిన వారంలో టాప్‌స్పిన్ షాట్ వచ్చేయాలంటారు తల్లులు. బ్యాట్ పట్టుకోవడం కుదరడానికే నెల పడుతుందంటే, పక్క క్లబ్‌లో అలా లేదే అంటారు. అయితే పక్క క్లబ్‌కే పొండమ్మా అని నోటిదాకా వస్తుంది. మింగేస్తాను. సెక్రటరీ చెవులు రిక్కించుకుని పక్క గదిలోనే ఉంటాడు.

ఆ మహానుభావుడు ఇవాళ మళ్ళీ మిషన్ సంగతి ఎత్తాడు. బల్ల చివర బిగిస్తే అదే బంతులు విసురుతుందట. అన్ని క్లబ్‌లూ కొనేశాయట. నా చేతికీ కాస్త విశ్రాంతి దొరుకుతుందట. నా చేతి సంగతి నీకెందుకు నాయనా అన్నాను. మిషన్‌కి మణికట్టు ఉండదు. బుట్టెడు బంతులు పక్కన పెట్టుకుని, ఒక్కొక్కటీ నా బ్యాట్‌తో కొట్టి పిల్లలకి పంపుతాను నేను. ఇన్నేళ్ళూ అలాగే నేర్పాను. ఇకముందూ అంతే.

జూన్ 11

చీమ గురించి రాయాలి. దాని అసలు పేరు హాల్లో ఎవరికీ గుర్తు లేదు. తల వంచుకుని పని చేసుకుపోతుంది, మోయగలిగిన దానికన్నా ఎక్కువ మోస్తుంది, అందుకే చీమ. పదిహేనేళ్ళు. తండ్రి బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి యూనిఫాంలోనే వచ్చి, గోడకి ఆనుకుని, కూతురు ఆడుతున్నంతసేపూ నోరు తెరుచుకుని నిద్రపోతాడు.

ఆగస్టులో సెలక్షన్. టీంలోకి వస్తే స్పోర్ట్స్ హాస్టల్లో సీటు. చదువూ ఆటా తిండీ అన్నీ అక్కడే. రాకపోతే ఆట మానిపించి, తొందరగా ఉద్యోగం వచ్చే కోర్సేదో చూస్తానని తండ్రి చెప్పేశాడు. అతన్ని తప్పు పట్టలేను. ఇంట్లో ఇంకా చిన్నవాళ్ళున్నారు.

అడ్డం ఒకటే, కొంగ. వేరే క్లబ్ కోచ్ టోపీ మాస్టారి శిష్యురాలు. పొడుగు కాళ్ళతో బల్లకి దూరంగా నిలబడి, వచ్చిన ప్రతి బంతినీ కింద నుంచి కోసి పంపుతుంది. అదే కట్. కట్ పడ్డ బంతి ముందుకు వస్తూనే వెనక్కి తిరుగుతుంటుంది. మామూలుగా కొడితే నెట్‌లో పడుతుంది. మోకాళ్ళు వంచి, కింద నుంచి గీరి లేపాలి. ఎంత కట్ ఉందో అంతే లేపాలి. తక్కువ లేపితే నెట్. ఎక్కువ లేపితే బల్ల దాటి బయటికి. చెప్పడానికి అర నిమిషం పట్టదు. రావడానికి మాత్రం ఏళ్ళు.

ఇప్పుడు కట్ ఆడేవాళ్ళు అరుదు. మా హాల్లో నేనొక్కదాన్నే. నా రోజుల్లో నా కట్ లేపలేక ఇదే టోపీ మాస్టారు, అప్పటికింకా టోపీ లేదు, జుట్టుండేది, బ్యాట్ నేలకేసి కొట్టాడు. అందుకే చీమకి రోజూ బుట్టెడు కట్ బంతులు నా చేత్తోనే వేస్తున్నాను. నన్ను లేపగలిగితే కొంగ ఒక లెక్కా?

జూన్ 19

పచ్చడి జాడీ మూత చెల్లి తీసింది. చెయ్యి తడిగా ఉందన్నాను. పొడిగానే ఉంది.

జూలై 2

చీమ లేపుతోంది! ఒకటీ నెట్‌లో పడట్లేదు. పోయినేడు ఇదే బంతికి ఏడ్చేది. ఇప్పుడు ఎడాపెడా లేపేస్తోంది. పైకి మాత్రం పరవాలేదు అన్నాను. నేను మెచ్చుకుంటే పిల్లలు పాడైపోతారని నా నమ్మకం. ఇంటికొచ్చి చెల్లితో మాత్రం చెప్పుకుని చెప్పుకుని దాని బుర్ర తిన్నాను. అది కుట్టుమిషన్ తొక్కుతూనే, మరి ఆ మాటేదో ఆ పిల్లతో అనొచ్చుగా అంది.

జూలై 20

పొద్దున బ్లౌజు హుక్కులు చెల్లి పెట్టింది. పెడుతూ నా కుడి చెయ్యి పట్టుకుని చూసింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ గుంట పడిందంది. వయసు అన్నాను. ఎడమ చేతికి రాలేదేం వయసు అని అడిగింది. సెలక్షన్ అవనీ, డాక్టరు దగ్గరికి వెళ్దామన్నాను. దీని చాదస్తంతో చచ్చిపోతున్నాను.

ఆగస్టు 9, సాయంత్రం

ఓడిపోయింది.

ఓడిపోవడం కాదు, ఒకదాని వెంట ఒకటి నెట్‌లో పోసింది. కొంగ కోస్తోంది, ఇది లేపుతోంది, బంతి నెట్‌లో పడుతోంది. ప్రతి పాయింట్‌కీ నా వైపు చూస్తోంది. టైం అవుట్ తీసుకుని మోకాళ్ళు వంచు, ఆలస్యంగా కొట్టు, బ్యాట్ తెరువు అని చెప్పాను. అన్నీ సరైన మాటలే. చెప్పినవన్నీ చేసింది. అయినా నెట్‌లోనే.

"బంతి చాలా బరువుగా వస్తోంది మేడం," అంది చివర్లో. మీరు వేసినట్టు లేదు అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. అందరి ముందూ అనేశాను. "ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది. బంతికేం రోగం? నీకే పిరికితనం."

దాని మొహం చూడలేదు. సంచి సర్దుకుని తండ్రి వెనకాల వెళ్ళిపోయింది. టీంలో చివరి చోటు ఇంకా ఖాళీగా ఉందనీ, దానికి సెప్టెంబరులో మళ్ళీ పోటీ పెడతారనీ మైకులో చెప్పారు. అప్పటికే వాళ్ళు మెట్లు దిగిపోయారు.

ఆగస్టు 10

చీమ రాలేదు.

ఆగస్టు 12

ఇవాళ కూడా రాలేదు.

సాయంత్రం కొత్త పిల్లలకి బంతి ఆట చూపించాను. ప్రతి బ్యాచ్‌కీ చూపించేదే. బల్ల మీద బంతిని గట్టిగా కోస్తే, అది నెట్ దాటి అవతల పడి, ఏదో మర్చిపోయినట్టు వెనక్కి వచ్చేస్తుంది. పిల్లలు కేరింతలు కొడతారు. అప్పుడు కట్ అంటే ఏమిటో ఒక్క మాట చెప్పకుండా అర్థమైపోతుంది.

కోశాను. బంతి అవతల పడింది. ముందుకే పోయింది. బల్ల చివర నుంచి కింద పడి దొర్లింది.

మళ్ళీ కోశాను. మళ్ళీ. పళ్ళు బిగబట్టి కోశాను. ప్రతిసారీ ముందుకే పోతోంది. వెనక్కి ఏది మేడం అని ఒక పిల్ల అడిగింది. ఇవాళ్టికి చాలు, ఇళ్ళకి పొండి అన్నాను.

హాలు తలుపు మూసుకుని కూర్చున్నాను. అంతా ఒక్కసారి అర్థమైంది. నా చేతిలో బలం కొంచెం కొంచెంగా పోయింది. నా కట్ కొంచెం కొంచెంగా పలచబడింది. నాకు తెలియలేదు. చెయ్యి అదే తిరుగుడు తిరుగుతోంది కదా, బంతీ అదే పోతోందనుకున్నాను. చీమ నిజంగా లేపలేదు. నా బంతే తేలికైపోయింది. ఉత్త బంతికి దాన్ని అలవాటు చేసి, తీసుకెళ్ళి కొంగ ముందు నిలబెట్టాను.

మద్దెల నిజంగానే ఓడు. ఆ పిల్లని పట్టుకుని అంత మాట అన్నాను.

ఆగస్టు 14

డాక్టరు కుర్రవాడు. మెడ దగ్గర నరం నొక్కుకుపోయిందట. చేతి కండ కరిగిపోయింది అందుకేనట. పోయింది రాదు, ఉన్నది కాపాడుకోవాలి అన్నాడు. ఎన్నాళ్ళుగా అని అడిగాడు. చెల్లి నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను.

ఆటోలో చెల్లి నా చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వద్దనలేదు.

ఆగస్టు 16

చీమ ఇంటికి వెళ్ళాను. తండ్రి డ్యూటీకి బయలుదేరుతూ ఆగిపోయాడు. కూర్చోండి మేడంగారూ అని మంచం మీద బట్టలు పక్కకి తోశాడు. కోర్సు చూశాం, వచ్చే నెలలో మొదలు, మీకు చెబుదామనే అనుకుంటున్నాం అన్నాడు. చీమ తలుపు దగ్గర నిలబడింది. నన్ను చూడలేదు.

తప్పు నీది కాదే, నా చేతిది అన్నాను. నమ్మలేదు. ఓదార్చడానికి వచ్చానని అనుకుంది. నేనే పిరికిదాన్ని మేడం, మీరన్నది నిజమే అంది. ఆ మాట వినడానికి నేను బతికుండాల్సింది కాదు.

నీ బ్యాట్ తీసుకురా అన్నాను. గచ్చు మీద బంతిని కొయ్యమన్నాను. కోసింది. బంతి గుమ్మం దాకా పోయి దాని కాళ్ళ దగ్గరికి తిరిగొచ్చింది. బ్యాట్ నేను తీసుకున్నాను. నా శక్తి కొద్దీ కోశాను. బంతి పోతూ పోతూ మంచం కిందికి వెళ్ళిపోయింది.

చీమ బంతి కోసం మంచం కింద దూరింది. బంతి ఎక్కడుందో నాకే కనబడుతోంది. అయినా చాలాసేపు బయటికి రాలేదు.

సెప్టెంబరు దాకా ఆగండి అని తండ్రిని బతిమాలాను. జన్మలో ఎవర్నీ బతిమాలలేదు నేను. ఆయన తన డ్యూటీ టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని, సరే అన్నాడు.

ఆగస్టు 18

టోపీ మాస్టారి క్లబ్‌కి వెళ్ళాను. కొంగ ఎలాగూ టీంలోకి పోయింది. మా పిల్లకి కొంగ చేత నిజం కట్ వేయించు అన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని తెలుసు. అయినా అడిగాను.

ఎగతాళి చేస్తాడనుకున్నాను. తయారై వెళ్ళాను కూడా, అంటే ఏమనాలో. చెయ్యి చూపించమన్నాడు. చూపించాను. చాలాసేపు చూశాడు.

"ఈ చేతికి ఎంత భయపడ్డానో నీకు తెలీదు," అన్నాడు.

ఏడుపు ఆపుకోవడానికి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఒకటే షరతు, నాది కాదు, అసోసియేషన్‌ది అన్నాడు. ఇక్కడ నేర్చుకున్న పిల్ల ఈ క్లబ్ పేరు మీదే ఆడాలి. కోచ్ కుర్చీలో తనే కూర్చోవాలి. తెలుసు అన్నాను. తెలిసే వచ్చాను.

ఆగస్టు 30

మిషన్ తెప్పించమని సెక్రటరీతో చెప్పాను. ఎందుకని అడగలేదు. అడిగితే బాగుండేది.

సెప్టెంబరు 14

చీమ గెలిచింది. టీంలో చివరి చోటు దానిదే.

నేను పైన గ్యాలరీలో, స్తంభం పక్కన కూర్చున్నాను. ఫైనల్లో కట్ ఆడే పిల్లే పడింది. మోకాళ్ళు వంచి, గీరి గీరి లేపింది. నిజం లేపడం అది. చివరి పాయింట్ అవగానే పరుగెత్తుకెళ్ళి టోపీ మాస్టారి కాళ్ళకి దండం పెట్టింది. న్యాయమే. నాకు కడుపు మండింది. అదీ రాస్తున్నాను. తండ్రి ఈసారి నిద్రపోలేదు.

చెల్లి అడిగితే బాగా ఆడిందని మాత్రం చెప్పాను.

సెప్టెంబరు 17

చీమ వచ్చింది. హాస్టల్‌కి వెళ్ళేలోపు ఒక్కసారి నా దగ్గర ఆడాలనుందట. బుట్ట వేయండి మేడం అంది. మిషన్ మూలన గుడ్డ కప్పుకుని ఉంది. చీమ దానివైపు కూడా చూడలేదు.

వేశాను. మొదటి బంతి లేపింది. బల్ల దాటి గోడకి తగిలింది. రెండోదీ అంతే. అన్నీ బయటికే. నిజం కట్‌కి అలవాటు పడిన చెయ్యి, నా ఉత్త బంతిని ఎక్కడికి లేపుతుంది మరి? సారీ మేడం, సారీ మేడం అంటూనే ఉంది. బుట్ట సగంలో ఉండగానే చెయ్యి నొప్పి అని ఆపేశాను.

బంతులన్నీ తనే ఏరి పెట్టింది. సంచి తగిలించుకుని వెళ్ళిపోయింది.

సెప్టెంబరు 18

రేపు హాస్టల్‌కి వెళ్తోంది. ఇవాళ మళ్ళీ వచ్చింది. నిన్న సగంలో ఆగింది కదా మేడం అంది.

వేశాను. అవే ఉత్త బంతులు. ప్రతి బంతినీ నెట్‌లోకి కొట్టింది. ఒక్కటీ బయటికి పోలేదు.

"లేపలేకపోతున్నాను మేడం," అంది.

మోకాళ్ళు వంచవే అని గట్టిగా తిట్టాను. వంచింది. మళ్ళీ నెట్‌లోకే కొట్టింది.