వడియాల కాపలా, తెల్ల ఎలుగుబంటి

దార్సైట్, మస్కట్
20-6-2008

తమ్ముడు రామాంజనేయులుకు అక్క ఆశీస్సులు.

సింధూజ వెళ్లింది పెంగ్విన్ల దగ్గరికి కాదు. అవి ఉండేది దక్షిణాన, నా మనవరాలు ఉన్నది ఉత్తర ధ్రువం వైపు. జాగ్రఫీ చెప్పి రిటైరైనవాడివి, కాస్త అట్లాసు తిరగెయ్యి. “మిద్దె మీద వడియాలకు కాపలా కాసిన పిల్ల ఓడెక్కి ఏం చూస్తుంది” అని ఫోనులో నవ్వావు కదా, విను.

జంతువులను కనిపెట్టి యాత్రికులకు చూపించడం దాని పని. పనితనం చూశాకే ఉద్యోగమన్నారు. మొన్న ఎండ కాస్తుండగానే పొగమంచు కమ్మింది, వెంటనే వాన. అందరూ కాఫీకి లోపలికి పోయారు. “జేజీ, మిద్దె మీద నువ్వు కూర్చోబెట్టినట్టే కూర్చుంటి, యాడికీ కదల్లే” అంది. మూడు గంటల తర్వాత మంచు విడిపోతే ఎదురుగా తెల్ల ఎలుగుబంటి, వెనక రెండు పిల్లలు! ఇది కేక వేస్తే ఓడంతా పైకి పరుగెత్తిందట. ఉద్యోగం ఖాయం చేశారు.

మరదలి మోకాలికి నూనె రాస్తున్నావా?

సింధూజ వచ్చే నెల ఇక్కడికి వస్తుంది. గుమ్మడి వడియాలు పెట్టించు. సెలవు మీద కడప వచ్చిన మన జిలాని నెలాఖరున తిరిగొస్తాడు, అతని చేతికివ్వు. మిద్దె మీద కాపలా మాత్రం నువ్వే కూర్చో. మధ్యలో కాఫీకి లేవకు.