ఆరు సున్నాలు

గువ్వ వాళ్ళ నాన్నగారికి,

నేను కులాసాగానే ఉన్నాను. మీరూ గువ్వా కూడా అలాగే ఉన్నారన్న ధైర్యంతో ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను. ఫోన్లో చెప్పొచ్చుగా అంటారు. మీ గొంతు వింటే సగం మాటలు మింగేస్తాను, అందుకే కాగితం.

ముందు మీరడిగినవాటికి జవాబులు. దగ్గు తగ్గింది. కొత్త బూట్లు ఇంకా కరుస్తూనే ఉన్నాయి. గువ్వకి జడ వేసేటప్పుడు అంత గట్టిగా లాగకండి, అది బస్సు బోల్టు కాదు. డిపోలో ఇంజన్లు విప్పి బిగించే మనిషికి పిల్ల జడ లొంగడం లేదంటే నవ్వొచ్చింది. నవ్వాక గది మరీ నిశ్శబ్దంగా అనిపించింది. మీ ఊరికి బదిలీ సంగతి ఏమైందని అడిగారు. దానికే వస్తున్నాను, కాస్త ఓపిక పట్టండి.

మా పోలీసు స్టేషన్లో మామ గురించి ఇదివరకే రాశాను. వయసులో మా అందరికంటే పెద్ద, అందుకని అందరికీ మామే. ఎవరికి సెలవు కావాలన్నా, ఎవరింట్లో కష్టమొచ్చినా ముందు ఆయనే ఉంటాడు. నాకు జ్వరమొచ్చినప్పుడు ఆస్పత్రికి తీసుకెళ్ళిందీ, ఇంటి నుంచి క్యారేజీ పంపించిందీ ఆయనే.

ఆయన మీద ఒక పాలవ్యాను డ్రైవరు ఫిర్యాదు ఇచ్చాడు. రోడ్డుకి అడ్డంగా వ్యాను ఆపాడని మామ చెంప మీద కొడితే ఒక చెవి వినపడకుండా పోయిందట. విచారణ నా నెత్తిన పడింది. పాతవి తీసి చూస్తే ఇది ఏడోది. మునుపటి ఆరింటికీ ‘రుజువు కాలేదు’ అనే రాసుంది. రాసినవాళ్ళంతా నాలాగే ఆయన సాయం పొందినవాళ్ళు.

ఫిర్యాదు ఇచ్చినవాళ్ళని స్టేషనుకే పిలిచి అడగడం మా ఆనవాయితీ. నేనూ పిలిచాను. డ్రైవరు బెంచీ మీద కూర్చోగానే మామ స్వయంగా టీ తెచ్చిచ్చి, "మీవాడు ఏ బడి బాబూ?" అని ఆప్యాయంగా అడిగాడు. ఎంత మంచి మనిషో అని మురిసిపోయాను. డ్రైవరు మాత్రం టీ తాగేసి, "ఏం జరగలేదమ్మా, నేనే కింద పడ్డాను" అని లేచి వెళ్ళిపోయాడు.

నాకు మనసొప్పక, మర్నాడు మామూలు బట్టల్లో వాళ్ళింటికి వెళ్ళాను. అతను వినపడే చెవి నా వైపు తిప్పి కూర్చున్నాడు. వాళ్ళావిడే చెప్పింది.

"ఆ టీ ఇచ్చినాయనకి బడి ఏదో ముందే తెలుసమ్మా. స్టేషనుకి పిలిచే ముందురోజే గేటు దగ్గర నిలబడి మావాడి తల నిమిరి వెళ్ళాడు."

మిగతా ఆరుగురూ అదే బెంచీ మీద అదే టీ తాగి వెళ్ళారని అప్పుడర్థమైంది. స్టేషనుకి పిలవడం నా తప్పేనని వాళ్ళతో అన్నాను. ఆ తర్వాత డ్రైవరు అంతా చెప్పి సంతకం పెట్టాడు.

ఆ మాట పెద్దసారుకి చెబితే తలుపు దగ్గరగా వేయమన్నారు.

"మంచివాడేనమ్మా, చెయ్యే కాస్త దురుసు. ఒక్క తప్పుకి పొట్ట కొడతామా?"

"ఒక్కటి కాదండీ, ఏడు."

"ఆరు రుజువు కాలేదుగా. ఆరు సున్నాలు కలిపినా సున్నాయే. రేపు నీ మీదా ఎవడో ఒకడు రాస్తాడు. అప్పుడు నీకెవరు అడ్డం నిలబడతారు?" అని, "నీ బదిలీ కూడా నా చేతిలోనే ఉంది. దీన్ని మూసెయ్, దాని సంగతి నేను చూస్తా" అన్నారు.

ఇప్పుడు అసలు మాట. ‘రుజువైంది’ అని రాసి ఇచ్చేశాను. మిమ్మల్ని అడగలేదు. అడిగితే మీరేమంటారో నాకు తెలియదు, గువ్వ మాత్రం ‘వచ్చెయ్’ అంటుందని తెలుసు. కోపమొస్తే తిట్టండి, పడతాను.

అప్పటి నుంచి భోజనానికి నా పక్కన ఎవరూ కూర్చోవడం లేదు. పలకరిస్తే పలుకుతారు, ముక్తసరిగా. మామ ఒక్కడే మునుపటిలాగే "తిన్నావా అమ్మాయ్?" అంటాడు. ఆ మాటకే ఎక్కువ భయమేస్తోంది. ఇన్నాళ్ళూ మీకు దూరంగా ఉన్నా ఇంత ఒంటరిగా ఎప్పుడూ లేనండీ.

నిన్న ఉత్తర్వులొచ్చాయి. మామకి శిక్ష లేదు, బదిలీ. నేను అడిగిన ఖాళీలోకే, మీ ఊరి స్టేషనుకే. నేను రాసింది ‘పరిశీలనలో ఉంది’ అని ఇక్కడే అట్టేపెట్టారు. అక్కడికి ఆయన మచ్చలేని మనిషిగా వస్తున్నాడు. నా పేరు చెప్పుకుని తప్పకుండా మన తలుపు తడతాడు. మర్యాదగా గుమ్మంలోంచే పంపెయ్యండి. పిల్లని మీరే దింపి మీరే తెచ్చుకోండి. ఎవరైనా ఆయన చేతిలో దెబ్బ తిని, ఏదో ఒక్కసారి చెయ్యి జారిందేమోలే అని సరిపెట్టుకుంటుంటే, కాదని చెప్పండి. ఆ ఊళ్ళో ఆ సంగతి తెలిసింది మీ ఒక్కరికే.

ఇట్లు,
ఇక్కడే ఉండిపోయిన
గువ్వ వాళ్ళమ్మ