తేమ పట్టిన అంకె

అమీర్‌పేట,
12 ఆగస్టు 2000.

ధాత్రి వాళ్ల నాన్నకు మంజుశ్రీ నమస్కారాలు.

ఇక్కడ అత్తమ్మ, పాప, నేను బాగున్నాం. భివండీలో మీరు వేళకు తింటూ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తున్నాను. మీ ఉత్తరం అంది ఇరవై రోజులైంది. పనుల వల్ల జవాబు ఆలస్యమైందని రాయబోయి ఆగాను. అది నిజం కాదు.

ముందు మీరు అడిగినవి చెబుతాను. అత్తమ్మ మోకాళ్ల నొప్పి తగ్గింది. పంజాగుట్ట డాక్టరు మెట్లు ఎక్కవద్దన్నాడు. ఆమె మాత్రం రోజూ డాబా మీదికి వెళ్లి బట్టలు ఆరేస్తుంది, చినుకు పడగానే మళ్లీ ఎక్కి తెస్తుంది. ధాత్రి ఇప్పుడు ఏడవకుండా బడికి వెళ్తోంది. మీ నాన్న ఏం చేస్తారని టీచరు అడిగితే మగ్గాలను చూసుకుంటడని, అమ్మ బిళ్లలు కాలుస్తదని చెప్పిందట. మందు బిళ్లలా అని టీచరు నన్ను పిలిచి అడిగింది. పొడిని అదిమి రూపాయంత బిళ్ల చేసి, కొలిమిలో కాల్చి, దాని గుండా కరెంటు ఎంత సులువుగా నడుస్తుందో కొలుస్తామన్నాను. బాగా నడిస్తే, పొగ లేకుండా హైడ్రోజన్ నుంచి కరెంటు తీసే యంత్రాల్లో పనికొస్తుందన్నాను. ఆమెకు పాప చెప్పిందే తేలిగ్గా అర్థమైనట్టుంది.

ఇదంతా వదిలి కంప్యూటర్ కోర్సులో చేరతావా అని కూడా అడిగారు. నన్ను నొప్పించాలని అడగలేదని తెలుసు. కింది వాటాలో ఉండే హైందవి ఆరు నెలల కోర్సు చేసి ఉద్యోగంలో చేరింది. మైత్రీవనం దగ్గర బస్సు దిగితే చాలు, నాలుగు కరపత్రాలు చేతిలో పెడతారు. చదువుతాను, మడిచి సంచిలో వేసుకుంటాను. మనసు మాత్రం అటు పోవడం లేదు.

ఇంకొకటి అడిగారు. "గాలి పొడిగ ఉంటే మా దగ్గర నూలు తెగుతది, అందుకే షెడ్డుల నీళ్లు చల్లిస్తం. నీ బిళ్లకు సుత గాలి తేడా తెలుస్తదా?" అని. మాటవరసకు అడిగి ఉంటారు. బస్సులో చదువుతూ అక్కడే ఆగిపోయాను.

నిరుడు నేను కొలిచినవన్నీ వానాకాలంలోనే. ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసి మీకు సంతోషంగా చెప్పిన అంకె అదే. దాని మీదే నా వ్యాసాన్ని పత్రికవాళ్లు ఒప్పుకున్నారు. దసరాకు థీసిస్ ఇవ్వడం, కాలేజీలో ఉద్యోగం, మీరు భివండీ వదిలి వచ్చేయడం, అన్నీ దాని మీదే కట్టుకున్నాం.

మర్నాడు అదే బిళ్లను రోజంతా వేడిలో ఆరబెట్టి, తేమ లేని గాలిలో ఉంచి కొలిచాను. అంకె నూరో వంతుకు పడిపోయింది. మూత తీసి వాన గాలి తగలనిస్తే కొద్ది గంటల్లో మళ్లీ పెరిగింది. బిళ్లలోని సన్నని రంధ్రాల్లో చేరిన నీరే కరెంటును మోసింది. నా పదార్థం గొప్పతనం ఏమీ లేదు.

పది రోజులు ఎవరికీ చెప్పలేదు. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అచ్చయ్యాక ఎవరు చూస్తారులే అని కూడా అనుకున్నాను. ఒక రోజు అన్నం సగంలో వదిలేస్తుంటే అత్తమ్మ పక్కన కూర్చుంది. అంతా చెప్పేశాను.

"తప్పు రాస్తే పట్టా రాదా?" అని అడిగింది.

"వస్తది అత్తమ్మా. ఎవరికీ తెల్వది. గని ఎక్కడనో ఎవరో అది నిజమనుకొని ఏండ్లకేండ్లు పని చేస్తరు."

ఆమె కంచం నా ముందుకు జరిపింది. "పోగు తప్పు పడ్డదని తెలిసినంక నేసుకుంట పోతరా బిడ్డా? ఇప్పాలె. జర తిని పో."

ఆ రోజే మా గైడు చలపతిరావు గారికి చెప్పాను. ఆయన రెండు కొలతల కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశారు. కోప్పడతారనుకున్నాను. "వ్యాసం కింద నేనూ సంతకం పెట్టానమ్మా. ఈ తేమ మాట నిన్ను ముందే అడగాల్సింది నేను," అన్నారు. వ్యాసం వెనక్కి తీసుకుంటున్నామని ఆయనే కూర్చుని పత్రికకు ఉత్తరం రాశారు. నేను దాన్ని పోస్టు చేసి వచ్చాను.

ఇక మీకు చెప్పాల్సింది. థీసిస్ ఇంకో ఏడాది పడుతుంది. మనం ఇంకో ఏడాది ఇట్లాగే ఉండాలి. మిమ్మల్ని అడగకుండానే మన ఏడాదిని ఇచ్చేశాను. అడిగితే మీరు కాదనేవారు కాదు. సరేనన్నప్పుడు మీ గొంతు ఎలా ఉంటుందో తలచుకునే అడగలేకపోయాను. బూత్‌లో నా వెనుక నలుగురు నిలబడి ఉండగా ఫోన్‌లో చెప్పడం కూడా నా వల్ల కాలేదు.

పోయిన వారం కొత్త బిళ్లలు చేశాను. రంధ్రాలు మూసుకునేలా ఇంకా ఎక్కువ వేడిలో కాల్చాను. అంకె చిన్నదే. కానీ పొడి గాలిలోనూ తడి గాలిలోనూ ఒకటే వస్తోంది. నాలుగుసార్లు చూశాను.

నాలుగు రోజులు సెలవు దొరికితే రండి. కోపం వస్తే ఎదురుగా కోప్పడండి, ఉత్తరంలో వద్దు. మీరు వస్తారని ధాత్రికి ఇంకా చెప్పలేదు. నాకు నేను చెప్పుకున్నాను.

ఇట్లు,
మీ ధాత్రి వాళ్లమ్మ,
మంజుశ్రీ